వినుట నేరమగునా?

2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన టెలికమ్యూనికేషన్ల చట్టమునందు నేరములను, శిక్షలను దెలుపు భాగము 2024 జూను 26వ తేదినుండి అమలులోనికి వచ్చినది. ఆ చట్టమును గూర్చి దేశమున జరిగిన చర్చ చాలవరకు పెద్ద కంపెనీల యనుమతులను గూర్చియు, తరంగములను వేలము వేయవలెనా కూడదా యనుదానిని గూర్చియు, ఉపగ్రహములనుండి వచ్చు ఇంటర్నెట్టును గూర్చియు సాగినది. అవి పెద్ద విషయములే, కాదనము. కాని వాని నీడలో ఒక చిన్న ప్రశ్న మరుగుపడినది. అది సామాన్య గృహస్థునకు సంబంధించినది. తన యింటిలో గూర్చుండి, తన సొమ్ముతో గొన్న గ్రాహకయంత్రమును ద్రిప్పుచు, ఆకాశమునుండి తన పెరటిలోనికి వచ్చి పడు తరంగములను వినువాడు నేరస్థుడగునా? ఆ తరంగములలోని మాటలు తనకై పలుకబడినవి కానిచో, వినినంతమాత్రమున అతడు శిక్షార్హుడగునా?

ఇది పండితులు కాలక్షేపమునకై వేసికొను చిక్కుప్రశ్న కాదు. పూర్వము ఇతరుల నిస్తంత్రి సంభాషణలను వినవలెనన్న బరువైన యంత్రములును, వానిని నడుపు నేర్పును వలసియుండెను. నేడట్లు కాదు. టెలివిజను చూచుటకై చేయబడి, బొటనవ్రేలంత పరిమాణము గలిగి, కంప్యూటరునకు దగిలింపదగిన యొక సాధనము వేరొక పనికిని పనికివచ్చునని ఔత్సాహికులు 2012 ప్రాంతమున కనుగొనిరి. దానికొక తీగను జోడించి కంప్యూటరునకు దగిలించినచో ఇంచుమించు 24 మెగాహెర్ట్‌జులనుండి 1,700 మెగాహెర్ట్‌జులవరకు గల తరంగములలో నేది కావలసిన దానిని బట్టవచ్చును. కొద్ది వేల రూపాయలకు అంగడిలో దొరకును. అది పలుకదు; వినుట మాత్రమే యెరుగును. దానితో శంషాబాదులో దిగుచున్న విమానచోదకుని మాటలు వినవచ్చును. ప్రతి విమానము తన జాడను, ఎత్తును, వేగమును 1090 మెగాహెర్ట్‌జులపై దానే చాటుకొనుచు బోవుటను జూడవచ్చును. విశాఖపట్టణపు రేవునకు వచ్చు నోడల గుర్తులను దెలిసికొనవచ్చును. కళాశాల విద్యార్థులు వాతావరణోపగ్రహములు పంపు మేఘచిత్రములను తమ మేడలపైనుండియే దింపుకొనుచున్నారు. ఇదే సాధనము ప్రక్కవీధిలోని కాపలావారి వాకీటాకీ మాటలను, తాళము వేయని యే సంభాషణనైనను బట్టగలదు. యంత్రమొక్కటే, చెవి యొక్కటే; చెవిని బడిన మాట మాత్రము వేరు. ఈ భేదమును చట్టము గుర్తించుచున్నదా యనునదియే మా ప్రశ్న.

చట్టము మాటలనే చూతము. అందు టెలికమ్యూనికేషన్ అను పదమునకు పంపుటయే కాక గ్రహించుటయు నర్థముగా జెప్పబడినది. సందేశమనగా గుర్తు, సంజ్ఞ, వ్రాత, బొమ్మ, ధ్వని, సమాచారము అన్నియు నగును. రేడియో పరికరమును దగ్గర నుంచుకొనుటకు ప్రభుత్వమువారి యనుమతి కావలెనని మూడవ సెక్షను చెప్పుచున్నది. ప్రజాహితమును బట్టి మినహాయింపులు ప్రసాదించు నధికారము మాత్రము వారికి గలదు. నలువదిరెండవ సెక్షనునందు సందేశమును చట్టవిరుద్ధముగా నడుమ గ్రహించినవానికి మూడు సంవత్సరములవరకు ఖైదు గాని, రెండు కోట్ల రూపాయలవరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చునని యున్నది. చట్టవిరుద్ధమునకు హద్దు ఎక్కడనో ఆ వాక్యము చెప్పదు. పొరపాటున చెవిని బడినదియు, పొంచియుండి వినినదియు, విని మరచినదియు, విని వీధికెక్కించినదియు ఆ యొక్క మాటలో నిమిడిపోవుచున్నవి. రెండు కోట్ల రూపాయలు టెలిఫోను కంపెనీకి లెక్కలోనివి కాకపోవచ్చును. పది యెకరముల మాగాణి గల రైతు కుమారునకు అది వంశనాశనము.

ఈ చట్టమునకు ఒక వంశవృక్షము గలదు. దానిని దెలిసికొననిదే నేటి చిక్కు బోధపడదు. 1885 నాటి టెలిగ్రాఫు చట్టము తంతులను స్థాపించి నడుపు హక్కును ప్రభుత్వమునకే ప్రత్యేకించినది. అప్పటికి రేడియో పుట్టలేదు. తరువాత 1924లో మదరాసునందు కొందరు ఔత్సాహికులు రేడియో క్లబ్బును స్థాపించి ప్రసారములు జరిపిరి. 1927 జూలై 23న బొంబాయిలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీవారి కేంద్రము వెలసినది. వినువారు సంవత్సరమునకు 10 రూపాయల రుసుము చెల్లింపవలెను; అందు హెచ్చుభాగము కంపెనీకి జేరును. ఇంత పెద్ద దేశమున లైసెన్సులు పుచ్చుకొన్నవారు ఎనిమిది వేలకు లోపుగానే యుండిరి. 1930 నాటికి కంపెనీ దివాలా తీసినది. ప్రభుత్వమువారు దానిని తాము స్వీకరించిరి. రుసుము చెల్లింపక యంత్రము పెట్టుకొన్నవారిని పట్టుటకు పాత చట్టము చాలదని వారికి దోచినది. యంత్రమును నడుపుచుండగా బట్టుకొననిదే కేసు నిలువదు. దొంగ శ్రోత తలుపు తట్టగానే మీట కట్టివేయును. అందుచేత 1933లో నిస్తంత్రి చట్టమును జేసి, 1934 జనవరి 1వ తేదినుండి అమలుపరచిరి. దాని కీలకమొక్కటే: విన్నావా లేదా యని యడుగనక్కరలేదు, పెట్టె యింట నున్నచో చాలును. మొదటి తప్పునకు 100 రూపాయలవరకు, ఆ మీది తప్పులకు 250 రూపాయలవరకు జరిమానా.

కావున పాఠకులు గమనింపవలసినదేమనగా, ఈ దేశమున రేడియో యంత్రమును దగ్గర నుంచుకొనుటను నేరముగా జేసినది ఒకరి రహస్యములను కాపాడుటకు గాదు, రుసుము రాబట్టుటకు. ఖజానా లోటు తీర్చుటకు బుట్టిన నియమము స్వరాజ్యము వచ్చిన తరువాతను చెక్కుచెదరక నిలిచినది. 1949లో దానికి సవరణ జేసి ప్రసారయంత్రములను అక్రమముగా నుంచుకొన్నవారికి మూడేండ్లవరకు ఖైదు జేర్చిరి. గ్రాహకయంత్రముల లైసెన్సు 1980 దశకము నడుమవరకు సాగినది. ఏటేట తపాలా కచేరికి బోయి, చిన్న పుస్తకమున బిళ్లలంటించుకొని, ముద్ర వేయించుకొని వచ్చిన పెద్దలు నేటికిని మనలో నున్నారు. ఇంటిలో వినుటకు ఒక రుసుము, వ్యాపారస్థలమున వినిపించుటకు హెచ్చు రుసుము. ఒకే పాట, ఒకే తరంగము. యరుగుమీద వినిన నొక ధర, కాఫీహోటలులో వినిన మరియొక ధర! ఔత్సాహికులకై 1978లో జేసిన నిబంధనలలో సైతము, పలుకుట లేక కేవలము హ్రస్వతరంగములను వినువారికి వేరొక లైసెన్సును గల్పించిరి. వినుటయనునది ప్రభుత్వమువారు దయతో నిచ్చు వరమను భావము మన చట్టముల యెముకలలో నాటుకొనిపోయినది.

ఆ భావమెంత ప్రమాదకరమో మన జాతికి దెలియనిది కాదు. 1942 ఆగస్టులో నాయకులందరు చెరసాలల పాలైనపుడు, పత్రికల నోళ్లు మూయబడినపుడు, ఆ నెల 27వ తేదిన బొంబాయిలో ఉషా మెహతా మొదలగు యువజనులు 42.34 మీటర్లపై కాంగ్రెసు రేడియోను వినిపించిరి. పోలీసువారు వెంటబడగా స్థలములు మార్చుచు నవంబరు 12వ తేదివరకు దానిని నడిపిరి. ఉషా మెహతాకు నాలుగు సంవత్సరముల కఠినశిక్ష విధింపబడినది. పలికినవారి ధైర్యమును మనము కొనియాడుచున్నాము, అది న్యాయమే. కాని విన్నవారి మాటయేమి? తలుపులు బిగించుకొని, ధ్వని తగ్గించి, చెవి యానించి వినిన యా గృహస్థులు లేనిచో ఆ పలుకులు అడవిగాచిన వెన్నెలయై యుండెడివి. అదే కాలమున జర్మనీలో హిట్లరు ప్రభుత్వము 1939 సెప్టెంబరు 1వ తేది శాసనముతో విదేశ రేడియోను వినుటనే నేరముగా జేసినది. వినినదానిని జాటినవారికి మరణశిక్షవరకు విధింపవచ్చునని వ్రాసినది. తన ప్రజల చెవులకు వెరచు ప్రభుత్వమే వినుటను శిక్షించునని చరిత్ర చూపుచున్నది.

అయినను ప్రభుత్వపక్షమున ఒక వాదము గలదు. దానిని తేలికగా ద్రోసివేయరాదు. తరంగములు ప్రభుత్వపు కాలువ నీటివంటివట. కాలువ మీ పొలము గట్టు నానుకొని పోవుచున్నంతమాత్రమున తూము పగులగొట్టి నీరు మళ్లించు హక్కు మీకు లేదు. నీటితీరువ చెల్లించి, అనుమతి పొంది, వంతు వచ్చినపుడే తడుపుకొనవలెను. గోదావరి, కృష్ణా డెల్టాల రైతులకు ఈ న్యాయము వేరుగా జెప్పనక్కరలేదు. పోలిక వినుటకు సొంపుగానే యున్నది గాని నిలువదు. మీదిరైతు నీరు తీసినచో దిగువరైతునకు తగ్గును. అందుచేతనే వంతులు, లస్కర్లు, తీరువలు. తరంగమును వేయిమంది పట్టినను వేయిన్నొకటవవానికి వీసమెత్తు తగ్గదు. ప్రసారము జేయువాని విషయమున పోలిక కొంత సరిపోవును. ఒకే తరంగముపై ఇద్దరు పలికిన ఇద్దరి మాటలును చెడును, కావున పలుకువారికి హద్దులు వలయును. వినువారివలన అట్టి చేటు లేదు. మరియు కాలువ యెవరిది? 1995 ఫిబ్రవరి 9వ తేదిన బెంగాలు క్రికెట్ సంఘపు వ్యాజ్యములో సుప్రీముకోర్టువారు, తరంగములు ప్రజల సొత్తనియు, వానిని ప్రజాహితమునకై వినియోగింపవలెననియు దీర్పు చెప్పిరి. జస్టిస్ సావంతు, జస్టిస్ మోహన్ గారలతోడ ఆ పీఠముపై గూర్చుండి ప్రత్యేకముగా దీర్పు వ్రాసినవారు పూర్వము ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా నుండిన బి.పి. జీవన్‌రెడ్డిగారు. సొత్తు ప్రజలదైనపుడు ధర్మకర్త సొంతదారుని ద్వారమువద్ద నిలిపి, లోనికి జూచుటకు జీటి యడుగుట యే న్యాయము?

ఇంతవరకు మేము వినువాని పక్షమున బలికితిమి. ఇంతటితో నాపినచో సగము నిజము చెప్పినవారమగుదుము. మాటలాడువానికిని ఒక హక్కు గలదు. భర్త భార్యతో, రోగి వైద్యునితో, కక్షిదారుడు వకీలుతో పలుకు మాట తీగపై బోయినను, తరంగముపై బోయినను వారిదే. పరుల జాబు చింపి చదువుట నీచమని మన పెద్దలు చెప్పుటకు చట్టములు వలసిరాలేదు. 2017 ఆగస్టు 24వ తేదిన తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము స్వగోప్యత ప్రాథమికహక్కని దీర్పు చెప్పినది. ఆకాశము నాది, తరంగము నా పెరటిలో బడినది, కావున అందలి సంభాషణయు నాదేయని వాదించువానితో మేము ఏకీభవింపజాలము. వెన్నెల అందరి ముంగిట బడును. ఆ వెన్నెలలో పొరుగువాని కిటికీలోనికి దొంగిచూచు హక్కు దానివలన రాదు.

హద్దు ఎక్కడ గీయవలెనో తెలియుటకు అమెరికాలో జరిగిన యొక యుదంతము మంచి పాఠము. 1996 డిసెంబరు 21న ఆ దేశపు ప్రతినిధిసభాధ్యక్షుడు న్యూట్ గింగ్రిచ్ తన పక్షనాయకులతో టెలిఫోనులో మంతనము జరిపెను. వారిలో నొకరు ఫ్లారిడాలో కారునందుండి సెల్‌ఫోనుపై మాటలాడుచుండిరి. ఆ సమీపమున బోవుచున్న దంపతులిరువురు తమ కారులోని స్కానరుపై ఆ మాటలు వినిరి. ఇంతవరకు యాదృచ్ఛికము. తరువాత వారు దానిని టేపుపై కెక్కించిరి. ఆ టేపును ఒక శాసనసభ్యునికి అందజేసిరి. 1997 జనవరిలో అది న్యూయార్కు పత్రికలో ప్రకటితమైనది. దంపతులు నేరము నంగీకరించి తలకు 500 డాలర్ల జరిమానా చెల్లించిరి. ఈ కథలో మూడు మెట్లు గలవు: చెవిని బడుట, తమకు గాదని తెలిసియు బట్టివిడువక దాచుకొనుట, పరుల చేతికిచ్చుట. మొదటిమెట్టుపై నిలిచినవానిని నేరస్థుడనుట అన్యాయము. మూడవమెట్టు దిగినవానిని విడుచుట అంతకన్న అన్యాయము. రెండవదానియందు మనిషి యుద్దేశమును న్యాయాధికారి తూచి చూడవలెను. పెట్టెను బట్టి గాక చేష్టను బట్టి, చేష్టకు మూలమైన తలంపును బట్టి శిక్ష యుండవలెనన్నదే మా యభిప్రాయము.

ఇది మేము క్రొత్తగా గల్పించినది కాదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘపు రేడియో నిబంధనలలో పదునేడవ అధికరణము, సర్వజనులకై యుద్దేశింపబడని సందేశములను అనధికారముగా గ్రహించుటను, అందలి విషయమునే గాక అట్టి సందేశమున్నదను సంగతిని సైతము వెల్లడించుటను నిషేధింపవలసినదిగా సభ్యరాజ్యములను గోరుచున్నది. సర్వజనులకై యుద్దేశింపబడినవి, బడనివి యను భేదము అక్కడ మొదటి వాక్యముననే యున్నది. 2006 నాటి బ్రిటిషు చట్టమున నలువదియెనిమిదవ సెక్షను ఉద్దేశమును బట్టుకొన్నది: తనకు గాని సందేశపు విషయమును దెలిసికొను తలంపుతో యంత్రమును వాడుట నేరము. జర్మనీలో సర్వజనులకు బలికినవి, ఔత్సాహికులు బలికినవి వినవచ్చును. తక్కినవి పొరపాటున చెవిని బడినచో బయటికి జెప్పరాదు. అమెరికాలో 1934 నాటి చట్టము విని వెల్లడించుటపై దృష్టి నిలిపినది. మనకు 1933లో చట్టము జేసి పెట్టిన బ్రిటిషువారే తమ యింట ఉద్దేశమును విచారించుచుండగా, మనము మాత్రము వారు విడిచిపోయిన పెట్టెల లెక్కను నేటికిని మోయుచున్నాము.

మరియొక సంగతి గలదు. ఇది బీదవానికన్న ధనవంతునకు ముఖ్యముగా దగులును. తన మాట రహస్యముగా నుండవలెనని కోరువాడు దానికి దాళము వేయవలదా? కవరులో బెట్టి యంటించిన జాబును చింపినవానిని దోషియందుము. కార్డుపై వ్రాసి పంపి, దారిలో తపాలాబంట్రోతు చదివెనని కేకలు వేసినచో నవ్వుదుము. అమెరికాలో తొలినాటి సెల్‌ఫోనులు ఇంచుమించు కార్డులే. ఎవరి స్కానరుపైనైనను వినవచ్చెడివి. కంపెనీలు తాళములు వేయుటకు మారుగా, 1986లో వానిని వినుటను నేరముగా జేయించుకొనిరి. అదియు చాలక, 1994 నాటికి ఆ తరంగములను బట్టు స్కానరులను జేయుటయే నిషేధింపబడినది. ఊరివారి చెవులు గోయుటకన్న తన తలుపు వేసికొనుట సులభమని వారికి దోచలేదు కాబోలు. అంతయు జేసిన తరువాతనే, మూడేండ్లలో, గింగ్రిచ్ గారి టేపు బయటపడినది! మన దేశమున సెల్‌ఫోను 1995లో వచ్చునప్పటికే సంకేతబద్ధమైన క్రొత్తపద్ధతి యుండుటచే ఆ గండము తప్పినది. అయినను నేటికిని భవనముల కాపలా సంస్థలు, కర్మాగారములు, కొన్ని ప్రభుత్వశాఖలు సైతము తాళములేని యంత్రములపై మాటలాడుకొనుటను చూచుచున్నాము. తాళమునకు డబ్బు వెచ్చింపనివారు, దారినబోవువానికి మూడేండ్ల చెర చూపి తమ రహస్యమును గాపాడుకొనజూచుట తగదు.

తాళము లేనిచో ఏదైన దోచుకొనవచ్చునా యని యడుగవచ్చును. కూడదు. గూగుల్ కంపెనీవారు వీధుల చిత్రములు దీయుటకై ముప్పదికి మించిన దేశములలో గార్లను ద్రిప్పుచు, ఆ దారిలోని యిండ్ల తాళములేని వైఫై తరంగములనుండి జనుల యుత్తరములు, గుప్తపదములు మొదలగువానిని సైతము గ్రహించిరి. 2010లో వారే ఆ సంగతిని ఒప్పుకొనిరి. రేడియో తరంగములు గనుక ఎవరైనను బట్టవచ్చునని వారు వాదింపగా, 2013లో అమెరికా తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలుకోర్టు ఆ వాదమును ద్రోసిపుచ్చినది. ఇది సరియైన తీర్పేయని మేమందుము. తలుపు తీసియున్న యింటిముందు నడచిపోవుచు లోపలి మాట వినుట వేరు. వీధివీధికి బండి తోలుకొనివచ్చి, తలుపు తీసియున్న ప్రతి యింటినుండి మూటలు కట్టుకొనిపోవుట వేరు. మిద్దెపై తీగ కట్టుకొన్న విద్యార్థిని, లక్షలాది యిండ్ల సమాచారమును బోగుచేయు సంస్థను ఒకే సెక్షను క్రింద ఒకే గాటికి గట్టు చట్టము ఇద్దరిలో నెవరిని ముందు పట్టుకొనునో అనుభవజ్ఞులగు పాఠకులకు మేము జెప్పవలసిన పనిలేదు.

వినువారివలన దేశమునకు గలిగిన మేలును గూర్చి రెండు మాటలు. 2004 డిసెంబరు 26న సముద్రము పొంగి అండమానులను ముంచినపుడు తీగలన్నియు దెగిపోయినవి. హైదరాబాదునందలి జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థకు జెందిన శ్రీమతి భారతీ ప్రసాద్ గారి బృందము వేరు పనిమీద అప్పటికి పోర్టుబ్లెయిరులో నుండుట దైవఘటన. వారి యంత్రములే ఆ ద్వీపములకు నోరైనవి. ప్రధానభూమిపై తమ యిండ్లలో గూర్చుండి వినుచున్న ఔత్సాహికులు ఆ కబురులను బంధువులకు జేరవేసిరి. 2025 ఫిబ్రవరిలో మరియొక వార్త వచ్చినది. పశ్చిమబంగాళ ఔత్సాహికులు బంగ్లాదేశ సరిహద్దుప్రాంతమున రాత్రివేళ సంకేతభాషలో సాగుచున్న యనుమానాస్పద సంభాషణలను విని కేంద్రప్రభుత్వమువారికి దెలిపిరి. ఆ సందేశములు వారికై పలుకబడినవి కావు. చట్టపు వాక్యమును అక్షరమక్షరము పట్టి చూచినచో వారిని మెచ్చుకొనవలెనో, కటకటాల వెనుకకు బంపవలెనో తెలియరాదు. ప్రభుత్వమువారు వారిని శిక్షింపలేదు, సంతోషము. కాని పౌరుని స్వాతంత్ర్యము అధికారి మంచితనముపై వ్రేలాడరాదు. అధికారి మారును, సెక్షను మారదు.

ఇక అసలు పెద్ద చెవి యెవరిదో చెప్పక ముగించుట ధర్మము కాదు. పౌరుడు ఒక సంభాషణను వినినచో మూడేండ్ల చెర. ప్రభుత్వము వేలకొలది సంభాషణలను వినవచ్చును. ప్రజాక్షేమమునకును, దేశరక్షణకును అది యొకప్పు డవసరమగునని మేమును నొప్పుకొందుము. కాని 1996 డిసెంబరులో పౌరహక్కుల సంఘపు వ్యాజ్యమున సుప్రీముకోర్టువారు విధించిన కట్టుబాట్లను మరువరాదు: హోము కార్యదర్శి యంతటివాని యుత్తరువు కావలెను; ఆ యుత్తరువు రెండు మాసములకే చెల్లవలెను; పొడిగించినను ఆరు మాసములు మించరాదు; సమీక్షాసంఘము దానిని విచారింపవలెను. 2024 డిసెంబరులో కేంద్రమువారు క్రొత్త చట్టము క్రింద నిబంధనలు ప్రకటించిరి. అందును ఉత్తరువిచ్చువారు అధికారులే, సమీక్షించువారును అధికారులే. న్యాయమూర్తి ఎచ్చటను గానరాడు. తెలంగాణమున 2024లో బయటపడిన టెలిఫోను వ్యవహారము న్యాయస్థానములకెక్కినది గనుక అందలి వ్యక్తులను గూర్చి మేమేమియు ననము. కాని రాజకీయనాయకులనుండి వర్తకులవరకు ఎవరి మాట యెవరు వినుచున్నారో తెలియని భయము ఆ దినములలో హైదరాబాదు నగరమునందు వ్యాపించినదన్న సంగతి అందరెరిగినదే. చట్టవిరుద్ధముగా వినినవానికి శిక్ష విధించు సెక్షను అధికారపు కుర్చీలో గూర్చున్నవానికిని అంతే తీక్ష్ణముగా వర్తించునని ప్రభుత్వమువారు చేతలతో జూపవలెను.

కావున మేము గోరునది స్వల్పము. కేవల గ్రాహకయంత్రమును దగ్గర నుంచుకొనుట నేరము కాదని, ఒక మినహాయింపు ప్రకటనతో గాక, చట్టములోనే స్పష్టముగా వ్రాయవలెను. ప్రకటనను నేడిచ్చినవారు రేపు రద్దుచేయగలరు. విమానములు, ఓడలు, ఉపగ్రహములు, ఔత్సాహికులు బహిరంగముగా జాటు సంజ్ఞలను వినుట పౌరుని హక్కుగా నంగీకరింపవలెను. ఒకరి స్వంతసంభాషణయని తెలిసియు, దానిని దెలిసికొను నుద్దేశముతోనే పట్టుటయు, దాచుటయు, వెల్లడించుటయు, దానివలన లాభము పొందుటయు మాత్రమే నేరములు గావలెను; వానిలో వెల్లడించుటకును, తాళము పగులగొట్టుటకును హెచ్చు శిక్ష యుండవలెను. జరిమానా వ్యక్తికొక విధముగను, కంపెనీకి వేరొక విధముగను ఉండవలెను. ప్రభుత్వము వినవలసివచ్చినపుడు న్యాయమూర్తి యనుమతి యుండవలెను. చట్టము క్రింద నిబంధనలు ఒకటొకటిగా ఇంకను తయారగుచునే యున్నవి. ముసాయిదాలపై ప్రజాభిప్రాయమును గోరుట వాడుకయే కదా. ఆంధ్ర, తెలంగాణముల పార్లమెంటు సభ్యులలో నొక్కరైనను ఈ సెక్షనులను చేతబట్టి, "చట్టవిరుద్ధముగా" అను మాటకు హద్దు చెప్పుడని సభలో మంత్రిగారిని సూటిగా నడుగుదురని ఆశించుచున్నాము.